ఓడ దిగి ఎటు?

పుస్తకానికి సమీక్ష రాస్తాం, సినిమాకి రాస్తాం. ఓడ వాళ్ళు తలుపు సందులోంచి లోపలికి తోసిన కాగితానికి సమీక్ష రాయడం మాత్రం నాకిదే మొదలు. కానీ ఆ కాగితం నా చేత మూడు రాత్రుళ్ళు నిద్ర మానిపించింది. అంతపని చేసిన రచనకి ఆ మాత్రం మర్యాద దక్కొద్దూ!

పోయిన అక్టోబరులో మా అమ్మాయీ అల్లుడూ మమ్మల్నిద్దర్నీ మధ్యధరా సముద్రంలో ఓడ ఎక్కించారు. ఏడు రాత్రుల ప్రయాణం. బార్సిలోనాలో ఎక్కడం, మళ్ళీ అక్కడే దిగడం. రాత్రంతా ఓడ నడుస్తుంది. తెల్లారేసరికి ఏదో ఒక ఊరి ముంగిట నిలబడుతుంది. సాయంత్రానికి మళ్ళీ బయల్దేరుతుంది. మధ్యలో మిగిలే తొమ్మిది పది గంటలే మనవి. పెళ్ళివారి విడిదిలో స్నానాల గదికి వంతు దొరికినట్టన్నమాట. లోపలికెళ్ళి ఒంటిమీద నీళ్ళు పోసుకునేలోగా బయట ఎవరో తలుపు తడుతూనే ఉంటారు.

నేపుల్స్ వంతు నాలుగో రోజు, గురువారం వచ్చింది. ఏడింటికి రేవు. సాయంత్రం ఐదున్నరకల్లా తిరిగి ఎక్కేయాలి, ఆరింటికి కదులుతుంది. ఆ ఒక్క పగలూ ఎలా గడుపుకోవాలో చెప్పేదే ఆ కాగితం. అందులో పదకొండు దార్లున్నాయి. పాంపేయి ఒకటి, పాంపేయితో కలిపి వెసూవియస్ కొండ ఒకటి, కాప్రీ దీవి ఒకటి, సొరెంటో ఒకటి, మూడూళ్ళూ కలిపి ముద్దచేసి పెట్టేది ఒకటి, నేపుల్స్ వీధుల్లోనే నడిపించి చివర్న పీజా తినిపించేది ఒకటి. ఒక్కోదాని పక్కనా చిన్న చెప్పు బొమ్మలు. ఒక చెప్పంటే తక్కువ నడక, మూడు చెప్పులంటే మోకాళ్ళున్నవాళ్ళే రావాలని అర్థం.

శైలి సంగతి చెప్తాను. పదకొండు దార్లకీ కలిపి పద్నాలుగు ‘మరపురాని’లు లెక్కపెట్టాను. ఒక్క రోజులో ఇన్ని మరపురానివి ఎదురైతే మనిషి దేన్నని గుర్తుపెట్టుకోవాలి పాపం! బొమ్మల్లో ఎక్కడా వరసలో నిలబడ్డ జనం లేరు. చెమట లేదు. నలభై దాటిన ఆడదీ లేదు. ‘ఎనిమిది గంటల యాత్ర’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ అందులో బస్సులో కూచునేది ఎంతసేపో, పగడాల దుకాణంలో కూచోబెట్టేది ఎంతసేపో లెక్క కట్టుకోవడం మన వంతు.

వీటన్నిటికీ నేను క్షమించేస్తాను. మన పత్రికల్లో చీరెల ప్రకటనలు చదివి పెరిగినదాన్ని, ఈ మాత్రం అతిశయోక్తి నన్నేం చెయ్యదు. నేను క్షమించలేని లోపం వేరే ఉంది. ఏ దారి ఎంచుకుంటే ఏది పోగొట్టుకుంటామో ఆ కాగితం ఒక్క వాక్యంలోనూ చెప్పదు. కాప్రీ వెళ్ళినవాళ్ళకి పాంపేయి లేదు. పాంపేయి వెళ్ళినవాళ్ళకి ఊళ్ళో మ్యూజియం లేదు. పాంపేయిలో తవ్వి తీసిన మంచి వస్తువుల్లో చాలా భాగం పాంపేయిలో లేవు, అవి నేపుల్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంత పెద్ద సంగతి దాచిపెట్టిన రచనని ఏమనాలి? ఆ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఆ ముక్క కూడా అందులో లేదు. మాది గురువారం కాబట్టి బతికిపోయాం.

ఏనుగుల వీరాస్వామయ్యగారిని తల్చుకున్నాను. 1830లో చెన్నపట్నం నించి కాశీకి బయల్దేరి, వెళ్ళి వచ్చేదాకా ఏ మజిలీలో నీళ్ళు మంచివో, ఎక్కడ సరుకులు దొరకవో, ఏ దారి బండ్లకి పనికిరాదో రాసుకుంటూ పోయారాయన. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రలో అందమైన వర్ణనలకంటే నూతులూ అంగళ్ళే ఎక్కువ. చదివేటప్పుడు కాస్త విసుగేస్తుంది, నిజమే. కానీ ఆ పుస్తకం చేత్తో పట్టుకుని దారిన పడి పోవచ్చు. ఈ కాగితం పట్టుకుని స్నానాల గదికి కూడా పోలేం.

ఇక ఇంటి గొడవకి వస్తాను. మావారు రిటైరైన ఇంజినీరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళకి నీళ్ళు పంపించే పనే చేశారు. ఆయనకి పాంపేయి కావాలి. పగిలిన దేవుళ్ళ కోసం కాదు, సీసం గొట్టాల కోసం. రెండు వేల ఏళ్ళ నాటి ఊళ్ళో ఎత్తు మీద నీళ్ళ గది కట్టి, అక్కడ్నించి గొట్టాలు వేసి, వీధి వీధికీ కొళాయి పెట్టారట. “మన టౌన్లో నేను పెట్టలేకపోయినవి వాళ్ళు పెట్టారు, చూడొద్దా?” అన్నారు. అమ్మాయికీ, అల్లుడికీ, మనవడికీ కాప్రీ కావాలి. రేవు పక్క గట్టు నించే పడవ, యాభై నిమిషాల ప్రయాణం, నీలం నీళ్ళు. నాకు మ్యూజియం కావాలి.

“అమ్మా, నువ్వొక్కదానివీ ఒక దారీ, నాన్నొక్కరూ ఒక దారీనా? మనవాళ్ళు వింటే నవ్వుతారు” అంది అమ్మాయి.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో పై ఊరెళ్ళి ఒక్క పూట విడిగా తిరిగిన పాపాన పోలేదు మేం. ఆయన ఎటంటే అటు. లేదా, నిజం ఒప్పుకోవాలి గనక, నేను ఎటంటే ఆయన మొహం ముడుచుకుని అటు.

ఈ తగవు తీర్చుకోడానికి నేను రెండు పాత రచనల్ని పిలిచాను. ఒకటి పుస్తకం, ఒకటి సినిమా.

పుస్తకం మార్క్ ట్వేన్‌ది. మార్క్ ట్వేన్ అంటే మా తరానికి నండూరి రామ్మోహనరావుగారే. టామ్ సాయర్‌నీ హకల్‌బెరీ ఫిన్‌నీ ఆయన మన వీధి కుర్రాళ్ళంత దగ్గర చేశారు. ‘రాజూ పేద’ అయితే 1954లో సినిమా కూడా అయింది, రామారావుగారు పేద కుర్రాడి తండ్రి పోలిగాడుగా వేశారు. ఇంత పరిచయం ఉండీ ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’ మనవాళ్ళు అంతగా చదవలేదనిపిస్తుంది. 1867 జూన్‌లో ‘క్వేకర్ సిటీ’ అనే ఆవిరి ఓడ న్యూయార్కు నించి మధ్యధరా సముద్రానికి బయల్దేరింది. సరుకు కోసం కాదు, వలస కోసం కాదు, ఊరికే చూసి రావడం కోసం. తలకి 1250 డాలర్లు. ఈనాటి ఈ ఓడలన్నిటికీ అది ముత్తవ్వలాంటిది. అందులో ఎక్కి పత్రికలకి ఉత్తరాలు రాసి, 1869లో వాటిని పుస్తకం చేశాడు ట్వేన్.

ఆ పుస్తకంలో రేవులో ఒక్క పూట ఎలా గడపాలో చెప్పే అధ్యాయం ఒకటుంది. నా దృష్టిలో పుస్తకానికంతటికీ అదే పై ఎత్తు. ఓడ ఏథెన్స్ రేవు పిరేయస్ దగ్గరికి చేరింది. అంటురోగాల భయం వల్ల పదకొండు రోజులు నీళ్ళలోనే ఉంటే గానీ దిగనివ్వమన్నారు అధికార్లు. అన్ని రోజులెవరుంటారు? దూరాన కొండమీద పార్థెనాన్ కనిపిస్తోంది, కాలు పెట్టే వీల్లేదు. ట్వేనూ ఇంకో ముగ్గురూ ఏం చేశారంటే, అర్ధరాత్రి ముందు చిన్న పడవలో దొంగతనంగా ఒడ్డుకి చేరి, రాళ్ళలో పడి నడిచి, దారిలో ద్రాక్షతోటల్లో పళ్ళు కాజేసి తిని, కాపలావాళ్ళ చేత తలుపు తీయించుకుని, వెన్నెట్లో ఆ స్తంభాల మధ్య తిరిగి, తెల్లవారకుండా మళ్ళీ ఓడెక్కేశారు.

అంతవరకూ ప్రతి గుడినీ ప్రతి బొమ్మనీ వెక్కిరిస్తూ వచ్చిన మనిషి అక్కడ ఒక్కసారి గొంతు తగ్గిస్తాడు. ఎందుకంటారు? ఆ రాత్రి అతనికి ఎవరూ చేతిలో పెట్టి ఇవ్వలేదు. దొరికితే జైలు. దానికోసం ఏదో ఒకటి ఒడ్డాడు. అక్కడ వేళాకోళాలు అతనికే అడ్డమనిపించి ఉంటాయి. పగలు వెళ్ళి టిక్కెట్టు కొనుక్కుని చూసుంటే పార్థెనాన్ మీద కూడా నాలుగు జోకులు వేసేవాడేనని నా అనుమానం.

అదే మనిషి నేపుల్స్‌లో చూడండి. ఇతను రోము మీదుగా రైల్లో వచ్చి ఊళ్ళో హాయిగా తిరుగుతున్నాడు. ఓడలో ఉండిపోయినవాళ్ళకి ఇక్కడా అంటురోగం ఆంక్షే, రేవులో బందీలు. ఇతను రోజూ పడవేసుకుని ఆ ఓడ దగ్గరికెళ్ళి, ఒడ్డుకి రండర్రా అని పిలిచి, ఊళ్ళో తిన్నవన్నీ చూసినవన్నీ ఏకరువు పెట్టి ఊరించి వస్తాడు. దుర్మార్గం! కానీ చదువుతూ నవ్వుకోని వాళ్ళుండరు.

నాకు మాత్రం ఈ పుస్తకంతో ఒక పేచీ ఉంది. ఏథెన్స్ రాత్రి వెళ్ళినవాళ్ళు నలుగురూ మగవాళ్ళే. ఓడలో ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. మేరీ మేసన్ ఫెయిర్‌బ్యాంక్స్ అనే ఆవిడ క్లీవ్‌లాండ్ పత్రికకి ‘మైరా’ అనే పేరుతో ఇదే ప్రయాణం గురించి ఉత్తరాలు రాసింది. ట్వేన్ కంటే ఏడేళ్ళు పెద్దది. అతని రాతలు చదివి మంచీచెడ్డా చెప్పేది. అతను ఆవిణ్ణి ‘అమ్మా’ అనే పిలిచేవాడు. అటువంటి ఆవిడకి ఆ రాత్రి ఎవరైనా పడవలో చోటిచ్చారా? పరికిణీ చెరుగులు ఎత్తిపట్టుకుని ద్రాక్షతోటలో పరుగెత్తే హక్కు ఆవిడకి లేదు మరి. ‘నేను వెళ్ళాను, అదిరిపోయింది’ అని రాసిన ప్రతి యాత్రాగ్రంథం వెనకా ‘నేను ఓడలోనే ఉండిపోయాను’ అనే పుస్తకం ఒకటుండాలి. చాలాసార్లు దాన్ని ఎవరూ రాయరు.

ఇక సినిమా. దర్శకుడు రాబర్టో రోసెల్లినీ, 1954లో వచ్చింది, ‘జర్నీ టు ఇటలీ’ అంటారు. (మన రాజూ పేద కూడా అదే ఏడు! ఏవిటో, కాకతాళీయాలు నాకు పిచ్చి సరదా.) ఈయనే ఆ తరవాత మన దేశం వచ్చి ‘ఇండియా’ అనే సినిమా తీసి 1959లో విడుదల చేశాడు. నేను కాలేజీలో తెలుగు చెప్పే రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేస్తే చూశాను. మావారు పక్క కుర్చీలో నిద్రపోయారు. ఓడెక్కేముందు అమ్మాయి ఇంట్లో మళ్ళీ చూశాను. అప్పుడూ నిద్రపోయారు. ఆయన అభిప్రాయంలో నిలకడ ఉంది.

కథ ఏమంతలేదు. ఇంగ్లీషు దంపతులు కేథరీన్, అలెక్స్. చనిపోయిన బంధువు ఇల్లు అమ్ముకోడానికి నేపుల్స్ వస్తారు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, జార్జ్ సాండర్స్ వేశారు. ఊళ్ళో పనీపాటా లేకుండా ఇద్దరే మిగిలేసరికి, తమ మధ్య మాట్లాడుకోడానికి ఏమీ లేదని తెలిసొస్తుంది. అతను కాప్రీ వెళ్ళిపోతాడు. ఆమె ఒక్కతే మ్యూజియానికీ, గంధకపు పొగలు కక్కే నేలకీ, పుర్రెలు పేర్చిన గుహకీ తిరుగుతుంది. చూశారా, మా ఇంటి తగవే! కాప్రీ ఒకరికి, మ్యూజియం ఒకరికి.

మ్యూజియం ఘట్టంలో బెర్గ్‌మన్ మొహం చూడాలి. పెద్ద పెద్ద పాలరాతి మగవాళ్ళు, కండలు తిరిగిన హెర్క్యులిస్, వాళ్ళ మధ్య ఈవిడ చేతిసంచీ పట్టుకుని. భయం, సిగ్గు, కోరిక, ఏదీ మాటల్లో చెప్పదు. ముసలి గైడు ఏదో వాగుతూనే ఉంటాడు. కారులో వెళ్ళేటప్పుడు వీధుల్లో కనిపించేదంతా కడుపుతో ఉన్న ఆడవాళ్ళూ, పిల్లల బళ్ళూ. ఆవిడకి పిల్లల్లేరు. ఈ సంగతి ఏ పాత్ర చేతా ఉపన్యాసంలా చెప్పించకుండా ఒట్టి వీధిని చూపించి చెప్పాడు రోసెల్లినీ. సంభాషణలు కూడా ఏ రోజుకారోజు ఇచ్చేవాడట, సాండర్స్‌కి ఆ పద్ధతి మంట. ఆ మంట అతని మొహంలో కనిపిస్తూనే ఉంటుంది, పాత్రకి సరిగ్గా సరిపోయింది కూడా. సినిమా వచ్చినప్పుడు ఆడలేదు. 1955లో జాక్ రివెట్ వంటి ఫ్రెంచి విమర్శకులు తలకెత్తుకున్నాక గొప్పదయింది.

చివర్లో ఇద్దరూ పాంపేయి వెళ్తారు. విడాకులు అని అప్పుడే అనేసుకుని ఉంటారు. అక్కడ తవ్వేవాళ్ళు నేలలో దొరికిన బోలు గూట్లోకి ప్లాస్టరు పోస్తుంటారు. క్రీస్తు శకం 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు బూడిదలో కూరుకుపోయినవాళ్ళ శరీరాలు కాలక్రమాన పోయి, గట్టిపడిన బూడిదలో వాళ్ళ ఆకారపు ఖాళీలు మిగిలాయి. ఆ ఖాళీల్లో ప్లాస్టరు పోసి మనిషిని మళ్ళీ నిలబెట్టడం 1863లో జుసెప్పె ఫియొరెల్లి మొదలుపెట్టాడు. సినిమాలో అలా పోసిన ప్లాస్టరు గట్టిపడ్డాక మట్టి తీసేస్తే ఒక ఆడా మగా బయటపడతారు. భార్యాభర్తలేమో అంటారు. కేథరీన్ తట్టుకోలేక ఏడుస్తుంది. మనమూ ఏడుస్తాం. నేను రెండుసార్లూ ఏడ్చాను.

కానీ విమర్శకురాలన్నాక ఏడుపు తుడుచుకుని ఒక మాట చెప్పాలి. 2024 నవంబరులో శాస్త్రజ్ఞులు పాంపేయి ప్లాస్టరు బొమ్మల్లో మిగిలిన ఎముకలకి డీఎన్ఏ పరీక్ష చేసి ఫలితాలు ప్రకటించారు. బంగారు కంకణం పెట్టుకుని ఒళ్ళో బిడ్డతో ఉన్న ‘తల్లి’ ఒకావిడ ఉంది, ఎన్నాళ్ళ బట్టో అందరూ ఆవిణ్ణి తల్లీ అని చెప్పుకున్నారు. తీరా చూస్తే ఆవిడ మగవాడు! ఆ బిడ్డకి చుట్టం కూడా కాదు. కావలించుకున్న ‘అక్కచెల్లెళ్ళు’ అనుకున్న జంటలో కూడా ఒకరు మగవాడే. బంగారు కంకణం కనిపిస్తే ఆడది, ఒళ్ళో బిడ్డుంటే తల్లి, పక్కపక్కన ఉంటే మొగుడూ పెళ్ళాం. ఆ కథలు రాసింది బూడిద కాదు, మనం. రోసెల్లినీ కన్నీళ్ళు పెట్టించింది కూడా ఆ మన కథతోటే. ఎవరి బిడ్డో తెలీని బిడ్డని ఆఖరి నిమిషంలో ఒళ్ళోకి తీసుకున్న మగవాడు, తల్లి కంటే తక్కువ కథేం కాదు నా దృష్టిలో.

ఇక ముగింపు నాకు అసలు గిట్టదు. ఊరేగింపులో జనం తోపులాటలో ఆవిడ కొట్టుకుపోతుంది, అతను పరిగెత్తి పట్టుకుంటాడు, ప్రేమిస్తున్నానని చెప్పమని ఆవిడ అంటే అతను చెప్తాడు, అయిపోయింది. మహిమ అని పొగిడిన పెద్దలున్నారు. నాకు తొందర అనిపించింది. గంటకి పైగా అంత ఓపిగ్గా అల్లిన చాపని చివర రెండు నిమిషాల్లో చుట్టేశాడు.

ఇంతా చెప్పి, నాకు మ్యూజియం ఎందుకు కావాలో చెప్పనేలేదు. అక్కడ మన ఆవిడ ఒకతె ఉంది. 1938లో అమెడియో మయూరి అనే ఆయన పాంపేయిలో పెద్ద వీధి మీది ఒక ఇంట్లో చిన్న దంతపు బొమ్మ బయటికి తీశాడు. జానెడు ఎత్తు. భారతీయ స్త్రీ. లక్ష్మి అన్నారు మొదట్లో, యక్షి అని ఇప్పుడు చాలామంది అంటారు. అడుగున ఒక ఖరోష్ఠి అక్షరం చెక్కి ఉంది. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలో తేర్, భోకర్దన్ తవ్వకాల్లో దొరికాయి. అంటే శాతవాహనుల సీమ. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి పేజీల్లో ఉండే శాతవాహనులే.

దీని వెనక ఒక తమాషా ఉంది. ప్లినీ అని రోమను పండితుడు, మన దేశపు సరుకుల కోసం ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నాయని, ఇదంతా ఆడవాళ్ళ సోకుల ఖర్చని గ్రంథంలో గగ్గోలు పెట్టాడు. ఆ డబ్బు ఎటు పోయిందో మనకి తెలుసు, నల్గొండ వైపు పొలాల్లో రోమను నాణేలు కుండలతో దొరికాయి. ఆ ప్లినీయే వెసూవియస్ బద్దలైనప్పుడు జనాన్ని ఒడ్డు నించి తప్పించబోయి చనిపోయాడు. ఆయన తిట్టిపోసిన సోకుల్లో ఒకటి అదే బూడిదలో పద్దెనిమిది వందల ఏళ్ళు పైగా చెక్కు చెదరకుండా నిలిచింది!

చివరికి జరిగిందేవిటంటే, పిల్లలు కాప్రీ పడవెక్కారు. మావారు ఓడ వాళ్ళ బస్సు వద్దని, మామూలు రైల్లో పాంపేయి బయల్దేరారు. “నలభై ఏళ్ళు జీపుల్లో తిరిగినవాణ్ణి, నలభై నిమిషాల రైలు ఎక్కలేనా?” అన్నారు. ఓడ వాళ్ళ బస్సులో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. ఆ ముక్క నేను రెండుసార్లు చెప్పాను. ఆయన రెండుసార్లూ వినలేదు.

రేవు ఎదుటే మెట్రో స్టేషను, మునిచిపియో. మూడో స్టేషను మ్యూజియం. ఇంత చిన్న సంగతిని ఆ కాగితం ఎందుకు రాయదో ఇప్పుడు అర్థమయింది కదా, రాస్తే బస్సు టిక్కెట్టు ఎవరు కొంటారు!

మన ఆవిడ ఉన్నది ‘రహస్య మందిరం’ అనే గదుల్లో. పాంపేయిలో దొరికిన శృంగారపు బొమ్మలూ చిత్రాలూ అక్కడ పెట్టారు. 1819లో అక్కడి యువరాజు భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని మ్యూజియం చూడొచ్చి, వీటిని చూసి కంగారుపడి, తాళం వేయించాడు. తరవాత చాలాకాలం పెద్ద వయసు మగవాళ్ళకే, అదీ నడవడి మంచిదని పేరున్నవాళ్ళకే ప్రవేశం. ఆడవాళ్ళకి లేదు. తెరవడం, మూయడం ఎన్నోసార్లు జరిగి 2000లో అందరికీ తెరిచారు. నేను లోపలికెళ్ళినప్పుడు నా కంటే పెద్దావిడ ఒకరు చేతికర్రతో గోడ చిత్రాలన్నీ ఒకటొకటిగా, ఏ మాత్రం తొందర లేకుండా చూస్తోంది. నాకు భలే సంతోషమేసింది.

అద్దాల పెట్టెలో ఆవిడ నిలబడి ఉంది. చేతుల నిండా గాజులు. కాళ్ళకి అందెలు ఒకటి మీద ఒకటి మోకాళ్ళ దగ్గర దాకా. మెడలో హారాలు. వెనక్కి వెళ్ళి చూస్తే జడ. మా అమ్మమ్మ పెళ్ళిళ్ళకి వేసే జడ. అటూ ఇటూ ఇద్దరు చిన్న చెలికత్తెలు. ఒంటి మీద బట్ట లేదన్నమాటే గానీ ఇన్ని నగలు పెట్టుకున్నదాన్ని దిగంబరి అనడానికి మన కళ్ళకి మనసొప్పదు. తల నించి కిందికి రంధ్రం ఉంది, అద్దానికి పిడో బల్లకి కాలో అయి ఉంటుందంటారు. ఎవరింట్లోనో అలంకారపు సామాను. శృంగారపు గదికి ఈవిడని పంపించిన నిర్ణయంతో నాకు ఏకీభావం లేదు. బట్టల లెక్క చూశారు, నగల లెక్క చూడలేదు. అలా నలభై నిమిషాలు నిలబడ్డాను. కాపలా అమ్మాయి నాలుగుసార్లు నా వంక చూసి, ఐదోసారి స్టూలు తెచ్చి వేసింది.

మూడున్నరకి ఓడెక్కేశాను. నాలుగున్నరకి పిల్లలొచ్చారు. ఐదయింది. ఐదూ పదికి ఆయన ఫోను మోగడం కూడా మానేసింది. పై అంతస్తు కటకటాల దగ్గర నిలబడ్డాను. ఎదురుగా కోట, దాని ముందు మైదానం, చీమల్లా జనం. చిత్రం చూడండి, సినిమాలో ఆ ముగింపుని అంత తీసిపారేసిన మనిషినా, ఆ జనంలో ఆ తెల్లటోపీ కనిపిస్తే చాలు, ఏ మహిమైనా సరే అని మొక్కుకుంటున్నాను. అల్లుడు కింద దిగి అధికార్లతో మాట్లాడుతున్నాడు. వాళ్ళు గడియారం చూపిస్తున్నారు.

ఐదూ ఇరవై ఐదుకి టోపీ కనిపించింది. ఆయన పరిగెత్తడంలేదు. ఎప్పటిలాగే చేతులు వెనక్కి కట్టుకుని, కోట గోడ నాణ్యం చూసుకుంటూ వస్తున్నారు.

“రైలు ఆలస్యం. అయినా ఐదు నిమిషాలుందిగా” అన్నారు పైకొచ్చి. నేను నాలుగు మాటలన్నాను. ఇక్కడ రాయను.

రాత్రి భోజనాల దగ్గర ఫోను చార్జింగు పెట్టి ఫోటోలు చూపించారు. అరవై మూడు ఫోటోలు. సీసం గొట్టాలు, గొట్టాల కీళ్ళు, రాతి కొళాయిలు, రోడ్డు దాటడానికి వేసిన ఎత్తు రాళ్ళు, బండి చక్రాల గాడులు. నేను చెప్పి పంపిన ఇల్లు, మన ఆవిడ దొరికిన ఇల్లు, దొరకలేదట. “వీధంతా వెతికాను, అన్ని గుమ్మాలూ ఒకలాగే ఉన్నాయోయ్” అన్నారు.

“మరి ప్లాస్టరు మనుషుల్ని చూశారా?”

“చూశాను. బాగా పోశారు. గాలి బుడగల్లేవు.”

ఆ మాటకి పిల్లలు ఒకటే నవ్వు. ఆయన పెరుగన్నంలా ఉన్న ఏదో తీసుకుని రెండు చెంచాలు తిని పక్కన పెట్టేశారు. నిద్రపోయేముందు దీపం ఆర్పాక, గొట్టాల గురించి మళ్ళీ మొదలుపెడతారనుకున్నాను.

“ఒకాయన మోకాళ్ళు ముడుచుకుని, మొహం చేతుల్లో పెట్టుకుని కూచున్నాడు” అన్నారు. “ఒక్కడే. ఫోటో తీద్దామని చెయ్యి రాలేదు.”